ముళ్ళకంప వాకిలి

నమోదు 1

అర్జీతో పాటు దినచర్య కూడా రాసి జతచెయ్యాలని ముద్రమండలివాళ్ళు చెప్పారు. ఇంటి బయటి రూపంలో ఏదైనా మార్చుకోవాలంటే, ఆ మార్పు లేక మన బతుకు ఎలా సాగుతోందో వాళ్ళకి రోజువారీగా తెలియాలట. సరే, తెలియనీ. నా పేరు తాయారు. రేవుపేటలో అయిదో ఇల్లు మాది. మా వీధివాకిలికి అడ్డంగా తుమ్మకంప కట్టి ఉంటుంది. ఆ కంప తీసి తలుపు తెరుచుకోనివ్వమని నా అర్జీ. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

ఈ రోజు అమావాస్య, కంప మార్చే రోజు. ఎండగంట మోగిందంటే మళ్ళీ పొద్దు వాలేదాకా ఎవరూ బయట తిరగకూడదు కాబట్టి, తెల్లారుతూనే ఊరవతల చవిటినేల, ఆ ఉప్పుపర్రల దాకా వెళ్ళి రెండు కొమ్మలు కొట్టుకొచ్చాను. మామిడి పోయింది, కొబ్బరి పోయింది, సర్కారు తుమ్మ మాత్రం ఉప్పునీళ్ళు తాగి బలుస్తోంది. పాత కంప విప్పి కొత్తది అదే వంకరలో కట్టాలి. ఎడమ కొమ్మ పైన, కుడి కొమ్మ కింద, ముడి లోపలివైపు. కట్టడం కాగానే తూనీగ వచ్చింది. అరచేతిలో పట్టేంత యంత్రం. రోజూ వీధిలో ప్రతి గోడ ముందూ గాలిలో నిలబడి, ముద్రదినం నాటి బొమ్మతో పోల్చి చూసుకుంటుంది. సరిపోతే పచ్చదీపం, తేడా ఉంటే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగిన ఇంటికి ఆ వారం మంచినీళ్ళు సగమే. నాకు పచ్చదీపం వెలిగింది. నేను కట్టిన కంపకి ఎర్రదీపం వెలిగిన రోజు లేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా నాకేం ఫర్వాలేదు.

నేను పుట్టకముందు సముద్రం మీదికొచ్చి ఊళ్ళకు ఊళ్ళు మింగేసిందట. చెక్కుచెదరకుండా మిగిలిన వీధి ఇదొక్కటే. అందుకని ఒకరోజు కొలతలవాళ్ళు దిగి, వీధి మొత్తాన్ని ఇటుక ఇటుకా కొలిచి ముద్ర తీసుకుపోయారు. ఆ ముద్రదినాన ఏది ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలి. ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ పిల్లలు, మనవలు వచ్చి చూసుకుని ఏడుస్తారు. ఏడవనీ, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ ఆ రోజున పక్కింటి మహానుభావుడెవరో అరుగు మీద గళ్ళ లుంగీ ఆరేశాడు. ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళు అదే రంగు లుంగీ నేయించుకుని, తడిపి తడిపి ఆరేస్తున్నారు. మూలింటి గోడకి గాలి లేని సైకిలు ఆనించి ఉంది. మరమ్మతు చేసిన ప్రతిసారీ చక్రంలో గాలి తీసెయ్యాలి. ఎదురింట్లో పెళ్ళి. మా ఇంట్లో చావు.

ముత్తాత వీర్రాజుగారు పోయి అప్పటికి పన్నెండో రోజు. పోయినాయన ఊరికే పోలేదు, ధనిష్ఠా నక్షత్రంలో పోయాడు. అలా పోతే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. కిటికీలకి చెక్కలు కొట్టి, వాకిలికి ముళ్ళకంప కట్టి, గడువు తీరాక శాంతి చేయించి మళ్ళీ తెరవాలి. మా ఇల్లు ముద్రలోకి అలాగే ఎక్కింది. ఆరు నెలలయ్యాక తెరుస్తామని మావాళ్ళు అడిగితే, కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నారట. ఆ కొన్నాళ్ళలోనే మా తాత పోయాడు, నాన్న పోయాడు. నేనూ మా అక్కా పుట్టి పెరిగి ముసలివాళ్ళమవుతున్నాం. మేం ఇద్దరం ఒక్కసారి కూడా మా వీధి గుమ్మం దాటలేదు.

నమోదు 2

మా రాకపోకలన్నీ పెరటి తలుపు గుండానే. తలుపు తీస్తే సందు, సందు దాటితే నీళ్ళబండి ఆగే చోటు. ఇప్పుడు ఆ సందులోంచే సముద్రపు గోడ కడుతున్నారు. గోడని తప్పుపట్టలేను. పోయినేడు పోటుకి మా వంటింట్లో చేపపిల్లలు ఈదాయి. గోడ మా పెరటిని ఆనుకుని లేస్తుంది, తలుపు మూసుకుపోతుంది. వెనక గోడ, ముందు ముళ్ళు. మనుషులు ఎలా వెళ్ళాలని మేస్త్రీని అడిగితే, మేడ మీంచి నిచ్చెన వేసుకోమన్నాడు.

నిచ్చెన నేనెక్కగలను. సత్తెక్క ఎక్కలేదు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే కార్ఖానాలో ఆవిరి గదుల దగ్గర పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది, మోకాళ్ళు కూడా అరగదీసుకుంది. చక్రాల కుర్చీలో కూచుని, గాలిపెట్టె గొట్టం ముక్కుకి తగిలించుకుని ఉంటుంది. సాయంత్రం ఎండ దిగాక పెరటి తలుపు దగ్గరికి తోసుకెళ్తే ఓ గంట బయటి గాలి పీలుస్తుంది. ఆ గంట కోసమే మిగతా రోజంతా భరిస్తున్నానంటుంది. గోడ లేచాక ఆ గంట కూడా ఉండదు. ఒంట్లో బాగులేకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళే దారీ ఉండదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

నేను అర్జీ రాస్తుంటే అక్క తొంగి చూసి నవ్వింది. "కంప తియ్యమంటావేంటే? ఊరికంతా ఆ కంపే అందం. నిన్నూ నన్నూ తీసేస్తారు గానీ దాన్ని తియ్యరు," అంది. దాని నోట్లో ఎప్పుడూ మంచిమాట రాదు.

నమోదు 3

మండలి కచేరీకి వెళ్ళొచ్చాను. గుమ్మంలో ఉన్న యంత్రం ఏ రకం మార్పు అని అడిగింది. రంగా, పగులా, ఆభరణమా? తలుపు తెరవడం అన్నది ఏ రకంలోకీ రాదట. చివరికి కంపని ఆభరణంగా రాసుకుని, ఆభరణం తొలగింపు కింద అర్జీ పుచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

దారిలో ఎదురింటి జోగినాయుడు బాబాయి కనిపించాడు. ఆయనకీ సుఖం లేదు. ముద్రదినాన వాళ్ళ గుమ్మానికి పచ్చి మామిడాకుల తోరణం ఉంది. ఇప్పుడు మామిడాకులు కొండప్రాంతాల నుంచి తెప్పించుకోవాలి, అవి ఎండకముందే మళ్ళీ మార్చాలి. అయినా పెళ్ళివారిల్లు కదా, ఆయన నడకలో ఇప్పటికీ మగపెళ్ళివారి బిగువు ఉంటుంది. మమ్మల్ని చూస్తే జాలిపడతాడు. చిన్నప్పుడు వాళ్ళింటి ఆడవాళ్ళు మా గురించి నియమం లేని మనుషులని అనుకోవడం నా చెవినపడింది. అది నేను మరిచిపోలేదు.

నమోదు 4

యాత్రికులు వచ్చారు. కళ్ళకి చూపుటద్దాలు పెట్టుకుని వీధంతా తిరిగి, మా ఇంటి ముందు అందరికంటే ఎక్కువసేపు ఆగుతారు. లోపల చెక్కకొట్టిన కిటికీ వెనక కూచుంటే దారి చూపించేవాడి మాటలన్నీ వినబడతాయి. ఈ ఇంటివాళ్ళు వరదకి భయపడి పారిపోతూ, దొంగలు రాకుండా ముళ్ళు కట్టారని చెబుతున్నాడు. ఒకావిడ వెక్కిళ్ళు పెట్టింది. లోపల సత్తెక్క దగ్గింది. ఇంట్లో ఎవరో ఉన్నారని ఆవిడ అంటే, రికార్డు చేసిన శబ్దమండీ అన్నాడు ఆ దుర్మార్గుడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేం పారిపోయిన వాళ్ళం కాదు. ఆచారం పాటించినవాళ్ళం. మండలి ముందు ఈ సంగతి గట్టిగా చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

నమోదు 5

అర్జీ తిరస్కరించారు. కంప లేని వాకిలి ముద్రలో లేదు కాబట్టి కుదరదట. గోడ సందు మొదట్లోకి వచ్చేసింది.

నమోదు 6

తిరస్కారం కింద ఒక చిన్న వాక్యం ఉంది. మార్పే ఆచారమైన చోట మార్పుకి అడ్డు లేదని. నాలుగుసార్లు చదివితే గానీ బుర్రకెక్కలేదు. వీధిలో ముగ్గులున్న ఇళ్ళకి రోజూ అదే ముగ్గు వెయ్యాలన్న నియమం లేదు. ముగ్గంటేనే రోజుకొకటి మారేది కాబట్టి, ఏ ముగ్గేసినా తూనీగ పచ్చదీపమే వెలిగిస్తుంది. మరి పాడుపెట్టిన ఇల్లు? గడువు తీరాక తెరవడం కోసమే కదా పాడుపెట్టేది. తెరవకపోతే అది ఆచారం ఎలా అవుతుంది?

ఈ ఆలోచన రాగానే నాకు కాళ్ళు నిలవలేదు. అక్కకి చెప్పాను. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి కుర్చీని ముందుగది వైపు తిప్పుకుంది. తలుపు తీస్తే ముందు ఏం కనిపిస్తుందని అడిగింది. జోగినాయుడి గుమ్మం అన్నాను. "పోనీలే, అదైనా చూస్తాను," అంది. దాని గొంతులో ఆశ వినడం నాకు అదే మొదటిసారి. వినకుండా ఉంటే బాగుండేది.

నమోదు 7

నేను మళ్ళీ పెట్టుకున్న అర్జీ మీద నిన్న విచారణ జరిగింది. వీధివాళ్ళందరూ వచ్చి వెనక బల్లల మీద కూచున్నారు. విచారించినావిడ పేరు వేదవల్లి. చిన్న వయసు, మెత్తని మాట. ఆవిడ అమ్మమ్మ ఊరు సముద్రంలో కలిసిపోయిందట, అందుకే ఈ కొలువులో చేరిందట. నన్ను కూచోబెట్టి, నీళ్ళిచ్చి, ఆచారం మొత్తం చెప్పమంది. ఎవరైనా అలా అడిగితే నేనాగుతానా? నక్షత్రం దగ్గర్నుంచి శాంతి దాకా చెప్పాను. ముగ్గు సంగతి కూడా చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది. నా వెనక జనం గుసగుసలాడుకోవడం ఆపేశారు.

అప్పుడు ఆవిడ అడిగింది, "మరి ఆ ఆరు నెలలూ ఇంట్లో ఎవరైనా ఉండొచ్చాండీ?"

ఉండకూడదన్నాను. మీవాళ్ళు ఉన్నారా అని అడిగింది. ఏమో, నాకు నిజంగా తెలియదు. తెలియదంటే సరిపోయేది. కానీ వెనక జోగినాయుడు బాబాయి ఉన్నాడు, వాళ్ళింటి ఆడవాళ్ళున్నారు. నియమం లేని మనుషులన్న మాట చెవిలో మోగింది.

"మావాళ్ళు నిష్ఠగా పాటించారండి. కంప కట్టిన రోజే అందరూ ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. ఆరు నెలలూ ఆ ఇంట్లో దీపం కూడా వెలగలేదు," అన్నాను.

వేదవల్లి జోగినాయుడి వైపు చూసి, మీ పెద్దవాళ్ళు ఏమైనా చెప్పేవారా అంది. ఆయన లేచి కండువా సర్దుకున్నాడు. "ఆయ్, నిజమేనండి. ఆ కుటుంబం అంత నిష్ఠ గలదండి," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఆ ఇంటి మనిషి నోట ఆ మాట విన్నాను.

ఇంటికొచ్చి జరిగిందంతా అక్కకి వర్ణించాను. అది నవ్వలేదు. గాలిపెట్టె గొట్టం సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఎందుకే అలా చెప్పేవు? మనవాళ్ళకి వెళ్ళడానికి ఇంకో ఇల్లెక్కడుందే? వెనక గదిలో దొంగల్లా ఉన్నారు ఆరు నెలలూ. పగలు పొయ్యి రాజెయ్యకుండా గడిపేరు. నాయనమ్మ నాకు చెప్పింది. రేపెళ్ళి నిజం చెప్పెయ్యి," అంది.

సరేనన్నాను. వెళ్ళలేదు. నిన్నటి మాటని ఈ రోజు ఎలా కాదనడం? పైగా గెలుస్తున్నాం కదా అనుకున్నాను. గెలుస్తున్నప్పుడు ఎవరైనా లేచి నేను అబద్ధమాడానని చెబుతారా?

నమోదు 8

ఉత్తర్వు వచ్చింది. నా మాట అంతా ఒప్పుకున్నారు. అక్షరం పొల్లుపోకుండా ఒప్పుకున్నారు.

పాడుపెట్టడం గొప్ప ఆచారం, ఇన్నాళ్ళూ దాన్ని వరదభయంగా పొరపాటు పడ్డాం, ఇకనుంచి ఆ ఇంటిని ఆచారంతో సహా కాపాడతాం అని రాశారు. గడువు తీరాక తలుపు తెరవాలన్నదీ ఒప్పుకున్నారు. కానీ ముద్రలో ఉన్నది పన్నెండో రోజు. ముద్రలో రోజు ముందుకి నడవదు. కాబట్టి గడువు తీరదు. గడువు తీరని పాడింట్లో మనుషులు కాపురముండటం ఆచారవిరుద్ధం. అర్జీదారు స్వయంగా చెప్పిన ప్రకారం ఆ ఇంట్లో దీపం వెలగకూడదు. గోడ పూర్తయ్యేలోగా ఇద్దరూ మెరక మీది శిబిరానికి మారాలి. నడవలేని మనిషి ఉంది కాబట్టి ఆమెని తీసుకెళ్ళడానికి మాత్రం వీధితలుపు ఒక్కసారి తెరవనిస్తారు.

పరుగున కచేరీకి వెళ్ళాను. మావాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదమ్మా, వెనక గదిలోనే ఉన్నారు, అక్కడే వండుకున్నారు, నేను పరువు కోసం అబద్ధం చెప్పాను అని అందరి ముందూ అన్నాను. వేదవల్లి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఇల్లు పోతుందన్న దిగులుతో ఇలా అంటున్నారు గానీ, మీ పెద్దల మీద అలాంటి మాట వెయ్యకండి అంది. ఆ ఉత్తర్వులో మీ కుటుంబం నిష్ఠ గురించి నేనే ఒక పేరా రాశానండీ అంది. సాక్ష్యం చెప్పిన ఎదురింటాయన కూడా మాట మారిస్తే చూద్దామంది.

జోగినాయుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూచుని తల వంచుకున్నాడు. "మా నాయనమ్మ మీ పెరట్లోంచి పొగ రావడం చూసిందంటమ్మా. అందరి ముందూ నీ మాట పోతాదని చెప్పలేదు," అన్నాడు. మర్నాడు నాతో వచ్చి మాట మార్చి చెప్పాడు కూడా. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చారని యంత్రం రాసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా ఇద్దరికీ బాగా వచ్చు.

అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టమని అడిగాను. "ఊపిరి దండగ," అంది.

నమోదు 9

ఈ దినచర్య ఇక ఎవరికీ అక్కర్లేదు. అలవాటైపోయి రాస్తున్నాను.

ఈ రోజు తలుపు తెరిచారు. కంప విప్పడానికి ఇద్దరు మనుషుల్ని పంపారు, చేతులన్నీ గీరుకున్నారు. గడియ తుప్పుపట్టి రాలేదు. నూనె పోసి, సుత్తితో కొట్టి, భుజాలతో నెట్టారు. తలుపు కదిలి లోపలి చీకట్లోకి వీధి వెలుతురు ఒక్కసారిగా పడింది. ఆ ముందుగదిలో గోడకి లేతగులాబీ రంగుందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు ఆ గదిలో తిరిగాను.

అక్క కుర్చీని గుమ్మం దాకా తోశాను. ఆగమంది. గుమ్మం మీద ఆగకూడదని చెప్పబోయి ఊరుకున్నాను, ఇంకా ఏం పోవాలి గనక. అది వీధిని అటు చివర్నుంచి ఇటు చివరిదాకా చూసింది. తడి లుంగీ చూసింది, గాలి లేని సైకిలు చూసింది, ఎదురింటి మామిడాకులు చూసింది. జోగినాయుడు తోరణం కింద నిలబడి చేతులు జోడించాడు. అది ఎంత బాగుందని అంటుందో అని నేను ఎదురుచూస్తున్నాను.

"ఇంతేనా?" అంది. మళ్ళీ తోరణం వంక చూసి, "బాగుందే. ఇక్కడ కూచుంటే పొద్దు తెలిసేది కాదు," అంది.

తర్వాత దాన్ని దింపి బండెక్కించాం. తలుపు మూశారు. వచ్చిన మనుషులు కంప కట్టడానికి తంటాలు పడ్డారు. తూనీగ వచ్చి ఎర్రదీపం వెలిగించింది. విప్పి మళ్ళీ కట్టారు, మళ్ళీ ఎర్రదీపం. ఎండగంట దగ్గరపడుతోంది. బండిలో అక్కకి గాలి చాలడంలేదు, బండి తోలేవాడు వీధి పచ్చబడితే గానీ కదలకూడదంటున్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను దిగి వెళ్ళి, ఎడమ కొమ్మ పైన, కుడి కొమ్మ కింద పెట్టి, ముడి లోపలివైపు వేశాను. పచ్చదీపం వెలిగింది.

నమోదు 10

వర్షాలు రాకముందే సత్తెక్క పోయింది. శిబిరంలో గదులకి కిటికీల్లేవు. గాలిపెట్టె సరిపోలేదు. పోయే ముందు రోజు కూడా ఎదురింటి తోరణం మార్చారో లేదో అడిగింది. ఏ నక్షత్రంలో పోయిందో ఎవరూ నన్ను అడగలేదు. లెక్క చూసుకున్నా చేసేదేమీ లేదు, పాడుపెట్టడానికి మాకు ఇల్లు లేదు.

మండలివాళ్ళు నాకు పని ఇచ్చారు. అమావాస్యకి అమావాస్యకి వచ్చి మా వాకిలికి కంప కట్టాలి. వద్దనడానికి నోరు రాలేదు. ఆ తలుపు మీద చెయ్యి వెయ్యడానికి నాకు ఇంకో దారి లేదు.

ఈ రోజు కడుతుంటే యాత్రికులు వచ్చారు. వెనక నిలబడి దారి చూపించేవాడు చెబుతున్నాడు. వరదలు, దొంగలు అన్న పాత కథ వాడు మానేశాడు. ఈ ఇంటివాళ్ళు ఎంతో నిష్ఠ గలవాళ్ళని, కంప కట్టిన రోజే ఇల్లు వదిలి వెళ్ళిపోయారని, దీపం కూడా వెలిగించలేదని చెబుతున్నాడు. నేను అన్న మాటలే, ఒక్కటీ పోలేదు. ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుని, వాళ్ళు మళ్ళీ తిరిగొచ్చారా అని అడిగింది. వాడికి తెలియదట. మీరు ఈ ఇంటి తాలూకానా అమ్మా అని ఆవిడ నన్నడిగింది.

కాదండి, కంప కట్టడానికి వచ్చానని చెప్పాను.